గేట్‌వే ప్రతిష్ఠ

శుక్రవారం ఉదయం ప్రభుకుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లాలి. ఎనిమిదిన్నరకు లింకు రాగానే గేట్‌వే ప్రోగ్రాము ఫైలు దించుకోవాలి. పదిన్నరకల్లా గేట్‌వేని క్లస్టర్ మీద ఎక్కించాలి. పన్నెండింటికి హైదరాబాదు నుంచి లక్ష్మీదేవి మేడమ్ వీడియో కాల్ చేస్తే చూపించాలి. ఒంటిగంటకు, భార్య కెజియా కట్టిచ్చిన చేపల పులుసు డబ్బా తెరిచి ప్రశాంతంగా అన్నం తినాలి. ఇందులో రెండో మనిషి సాయం ఎక్కడా అక్కర్లేదు. ప్లానులో ఉన్న లోపం అదే. సాయం చెయ్యకుండా ఊరుకునే మనిషి ఆ ఆఫీసులో ఒక్కరూ లేరు.

ఆ ఆఫీసు నర్సీపట్నం మెయిన్ రోడ్డు మీద, నాతవరం షేర్ ఆటోలు ఆగేచోటికి ఎదురుగా ఉన్న మేడలో ఉంది. కింద ఎరువుల కొట్టు, పైన సాఫ్ట్‌వేర్ కంపెనీ. రెండూ జగదీశ్వరరావు గారివే. ముప్పయ్యేళ్లు కింది కొట్లో యూరియా అమ్మి, రెండేళ్ల కిందట పైన సాఫ్ట్‌వేర్ పెట్టారు. హైదరాబాదులోని ఒక ఆసుపత్రుల సంస్థకు రక్తపరీక్షల రిపోర్టులు అందించే ప్రోగ్రాములన్నీ ఇక్కడి నుంచే నడుస్తాయి. కంపెనీకి ఉన్నది ఆ ఒక్క కస్టమరే.

ఆ కస్టమరుకి కిందటి నెలలో అనుమానం వచ్చింది. రోగుల రిపోర్టులు నర్సీపట్నం నుంచి ఎక్కడికో పోతున్నాయని వాళ్ల ఆడిటర్లు పట్టుకున్నారు. ఆ సంస్థలో కంప్యూటర్ల బాధ్యత చూసే లక్ష్మీదేవి మేడమ్ ఫోన్ చేసి, పెద్దగా గొంతు పెంచకుండానే చెప్పింది. "మీ క్లస్టర్ మీద గేట్‌వే పెట్టండి. ఏది బయటికి పోతోందో నా కళ్లతో నేను చూడాలి. శుక్రవారం పన్నెండింటికి చూపించలేకపోతే ఒకటో తారీఖు నుంచి మీకు శ్రమ ఉండదు." ఆ శ్రమ లేకపోతే పై అంతస్తు కూడా యూరియా బస్తాలకే పనికొస్తుంది.

ప్రభుకుమార్‌కు ఇది ఉద్యోగం ఒక్కదాని సంగతి కాదు. పెళ్లయ్యాక నాలుగేళ్లు అతను బెంగుళూరులోను, కెజియా కోటవురట్ల స్కూల్లో టీచరుగా ఇక్కడా ఉండి, ఫోనులోనే కాపురం చేశారు. ఈ ఉద్యోగం దొరికి ఎనిమిది నెలలైంది. ఎనిమిది నెలలుగా ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకుని, ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తింటున్నారు. ఆ ఉదయం గుమ్మం దగ్గర కెజియా ఒక్కసారే అడిగింది: "మళ్లీ బెంగుళూరు వెళ్లాల్సొస్తాదా?" రాదన్నాడు. అన్నాడు గానీ, బండి దగ్గరికి వెళ్లేలోపు తాళంచెవి రెండుసార్లు జారవిడుచుకున్నాడు.

గేట్‌వే అంటే ఏమిటో ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ ఆఫీసులో ఎవరూ చెప్పుకోలేదు. వంటింట్లో పప్పుకో డబ్బా, ఉప్పుకో డబ్బా ఉన్నట్టు ఒక్కో ప్రోగ్రామునూ దానికి కావలసిన సరంజామాతో సహా ఒక్కో డబ్బాలో పెడతారు. అది కంటైనర్. ఆ డబ్బాలన్నీ సర్దిన అలమర క్లస్టర్. ఆఫీసులో అలాంటి అలమరలు రెండున్నాయి. ఒకటి అసలుది, ఆసుపత్రి పనంతా దానిమీదే. రెండోది ప్రాక్టీసుది, ఏ కొత్త పనైనా ముందు దానిమీద చేసి చూసుకోవడానికి. గేట్‌వే అనేది అలమర ముందు కూర్చోబెట్టే కాపలాదారు. ఏ డబ్బాలోంచి ఏది ఎక్కడికి పోతోందో చూసి తెర మీద రాస్తుంది. ఏ అలమర ముందు కూర్చోబెడితే ఆ అలమరనే చూస్తుంది తప్ప, మనుషుల జోలికి రాదు. ఈ ముక్క నలుగురికీ చెప్పే అవకాశం ప్రభుకుమార్‌కు ఆ రోజు మధ్యాహ్నం దాకా దొరకలేదు.

ఎనిమిదీ నలభైకి, ఫైలు పద్నాలుగు శాతం దిగిన సమయంలో, జగదీశ్వరరావు గారి భార్య రాజేశ్వరి గారు పళ్లెంతో మెట్లెక్కి వచ్చారు. పళ్లెంలో పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు, చామంతిపూలు ఉన్నాయి. వెనకాల అటెండరు తాతబ్బాయి కర్పూరం పట్టుకుని వచ్చాడు.

"తొమ్మిదీ పద్దెనిమిదికి ముహూర్తం బాబూ," అన్నారామె. "సిద్ధాంతి గారు మరీ మరీ సెప్పారు. బేగి కానీ."

"అప్పటికి ఫైలు దిగదండీ అమ్మగారూ. పదిన్నర అవుతుంది."

"పదిన్నరకి రాహుకాలం. పన్నెండు దాకా ఉంటాది. అందులో పెడితే ఇంకేటైనా ఉందా?"

ప్రభుకుమార్ జగదీశ్వరరావు గారి వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ముప్పయ్యేళ్లు వ్యాపారం చేసిన మనిషిలా ఆలోచించారు.

"సూడు నాయనా," అన్నారు. "కొత్తిల్లు పూర్తి కాపోయినా ముహూర్తానికి పాలు పొంగించీస్తారా, లేదా? తలుపులూ కిటికీలూ ఆనక పెట్టుకుంటారు. అలగే నువ్వూ ముహూర్తానికి ఏదో ఒకదాని మీద పెట్టీ. ఫైలు దిగాక అసలుదాని మీదకి జరుపుకుందువు."

"ప్రాక్టీసు క్లస్టర్ మీద పెట్టొచ్చు సార్. పోయినవారం ఎక్కుతుందో లేదో చూడ్డానికి తెచ్చిన చిన్న కాపీ ఉంది. ఐదు నిమిషాలు ఉంచి తీసేశాను. అసలుదానికి ఆ కాపీ చాలదు. కానీ దానిమీద పెడితే అసలు దానిలో ఏం జరుగుతోందో కనబడదు."

"ముహూర్తానికి కనబడక్కర్లేదు. ఉంటే సాలు."

తర్కంలో ఎక్కడో తేడా ఉందని ప్రభుకుమార్‌కు తెలుసు. కానీ తొమ్మిదీ పదిహేనుకి కొబ్బరికాయ చేతిలో పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషితో తర్కం పెట్టుకునేవాడు ఇంకా పుట్టలేదు. పొద్దున్నే ఇంట్లో తన ప్రార్థన తాను చేసుకునే వచ్చాడు. వీళ్ల పూజకు చేతులు కట్టుకుని మర్యాదగా నిలబడ్డాడు. రాజేశ్వరి గారు కీబోర్డు మీద ఎంటర్ మీటకు బొట్టు పెట్టారు. సరిగ్గా తొమ్మిదీ పద్దెనిమిదికి అతను ఆ బొట్టు మీద వేలు నొక్కాడు. ఏ పనీ లేదనుకున్న ప్రాక్టీసు క్లస్టర్ ముందు కాపలాదారు వచ్చి కూర్చున్నాడు. తాతబ్బాయి కొబ్బరికాయ కొట్టాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ జగదీశ్వరరావు గారికి హారతి ముందు నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పడం అలవాటు. "అందరూ వినండి," అన్నారు. అందరూ అంటే భార్య, తాతబ్బాయి, ప్రభుకుమార్, ప్రోగ్రాములు పరీక్షించే మణి. "ఈ క్షణం నుంచి ఈ ఆఫీసులో ఏ వైరులోంచి ఏది పోయినా ఇది చూస్తుంది. ఇవాళ్టివే కాదు, పాతవి కూడా తవ్వి తీస్తుంది. పన్నెండింటికి మేడమ్ గారి ముందు అన్నీ బయటపడతాయి. ఎవరి మనస్సాక్షిని వాళ్లు తడిమి చూసుకోండి."

పాతవి కూడా తవ్వుతుందన్న ముక్క ఆయన సొంతంగా కలిపింది. ఉపన్యాసం బాగా సాగుతోందని కలిపారు. మణి ముఖం తెల్లబోయింది. తాతబ్బాయి కర్పూరం పళ్లెం దించేసి మెట్ల వైపు చూశాడు. ప్రభుకుమార్ "అది అలా కాదు సార్" అనబోతుంటే రాజేశ్వరి గారు అతని నోట్లో కొబ్బరిముక్క పెట్టారు.

తొమ్మిదీ నలభై ఐదుకి ఫైలు అరవై ఎనిమిది శాతం దిగింది. తొమ్మిదీ నలభై ఆరుకి నెట్ పోయింది.

ప్రభుకుమార్ మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. గోడకు వైఫై డబ్బా ఉండాల్సిన చోట రెండు మేకులు, ఒక ఖాళీ వైరు ఉన్నాయి. మెట్ల మీద తాతబ్బాయి మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. యాభై నాలుగేళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా బిక్కమొహం వేసుకున్నాడు.

"తాతబ్బాయి గారూ, డబ్బా ఏదండీ?"

"తీసీసాను బాబూ. నాతవరం ఆటోలోళ్లకి నానే పాస్‌వర్డు ఇచ్చీసాను. పదకొండు మంది. వరసలో ఉన్నంతసేపూ మన వైఫైలో సినిమాలు సూసీవోరు. ఆళ్ల పేర్లన్నీ ఆ డబ్బాలో ఉంటాయి గదా. పన్నెండింటికి మేడమ్ గారు సూస్తే నా కొలువు పోద్ది."

"పేర్లు ఉండవండీ. గేట్‌వే దాన్ని చూడదు. డబ్బా ఇటివ్వండి."

"నా కాడ లేదు బాబూ. తువ్వాల్లో సుట్టి సింగన్న ఆటోలో పెట్టీసాను. ఆడు నాతవరం ఎల్లిపోనాడు."

ఆఫీసు నెట్‌వర్క్ ఆ సమయానికి పదిమంది ప్రయాణికుల మధ్య, ఒక తువ్వాలులో, తాండవ కాలవ పక్కనుంచి పోతోంది. సింగన్నకు ఫోన్ చేస్తే, జనం దిగనిదే బండి తిప్పలేనని, తిరిగి వచ్చేసరికి పన్నెండవుతుందని చెప్పాడు. వెనకనుంచి ఎవరో ముసలామె "ఏటి, ఎవులికైనా బాగోలేదా?" అని అడగడం వినిపించింది.

మెయిన్ లైను వైరును సరాసరి కంప్యూటర్లకు కలిపేసరికి పది దాటి పది నిమిషాలైంది. ఫైలు మళ్లీ సున్నా నుంచి మొదలైంది. పదిన్నర కొట్టగానే రాజేశ్వరి గారు పక్కకు వచ్చి తెర వైపు దిగులుగా చూశారు. "రాహుకాలం వొచ్చీసింది. కొత్తగా మొదలెట్టకూడదు," అని, అతని ముఖం చూసి జాలిపడి, "ఇది ఆగినదాన్ని కొనసాగించడమే అనుకుందాంలే," అని ఆమే సర్దుకున్నారు. ఆ రోజు అతనికి దొరికిన నిజమైన సాయం అదొక్కటే.

పదీ యాభైకి యాభై నాలుగు శాతం దగ్గర ఫైలు నడక మందగించింది. ఆపైన పాకింది. యాభై ఐదు దగ్గర పూర్తిగా కదలడం మానేసింది. లైను మొత్తాన్ని ఎవరో లాగేసుకుంటున్నారు. ప్రభుకుమార్ వెతుక్కుంటూ మణి బల్ల దగ్గరికి వెళ్లాడు. మణి కంప్యూటర్ తెర నీలంగా ఉంది. దానిమీద "దయచేసి ఆఫ్ చేయవద్దు" అన్న అర్థం వచ్చే వాక్యమేదో తిరుగుతోంది. మణి చున్నీ కొసతో కళ్లు తుడుచుకుంటోంది.

"మణిగారూ, ఏం చేశారు?"

"మా బావకి ఫోన్ చేశానండి. కంప్యూటర్లో పాతవేవీ మిగలకుండా ఎలాగ తుడవాలని అడిగాను. మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించీమన్నాడు. అది ఏటో నెట్‌లోంచి దించుకుంటానంటోంది. ఆగట్లేదండి."

"ఎందుకు తుడవడం?"

మణి తల వంచుకుంది. "విశాఖపట్నంలో ఉద్యోగాలకి ఇక్కణ్ణుంచే అప్లికేషన్లు పెట్టాను. ఇరవై మూడు. మంగళవారం ఇంటర్వ్యూ ఉంది. పోయినవారం సెలవు అడిగినప్పుడు రావికమతంలో అమ్మమ్మకి బాగోలేదని చెప్పాను." ఇంకొంచెం ఏడ్చింది. "మా అమ్మమ్మ దుక్కలాగుందండి. ఈ వయసులో ఆవిడ మీద అబద్ధం చెప్పాను."

అమ్మమ్మ సంగతి గేట్‌వేకు తెలిసే అవకాశం లేదని ప్రభుకుమార్ చెప్పాడు. ఆమె నమ్మలేదు. రాజీనామా కాగితం కూడా రాసి పెట్టుకుంది. దాన్ని అతని చేతిలో పెట్టి, సార్‌కి ఇవ్వమంది. అతను దాన్ని జేబులో కుక్కుకుని, ఆమె కంప్యూటర్ వైరు పీకేసి, తన చోటికి పరుగెత్తాడు. అప్పటికే అవతలి సర్వరు విసుగుపుట్టి లింకు తెంపేసింది. పదకొండూ ఐదుకి మూడోసారి సున్నా మొదలైంది.

ఈసారి ప్రభుకుమార్ కుర్చీలోంచి కదల్లేదు. ఇరవై, ముప్పై ఐదు, యాభై. పాలగిన్నె ముందు కాపలా కూర్చున్న మనిషిలా తెరనే చూస్తూ ఉన్నాడు. మనసులో కీర్తన ఒకటి నడుస్తోంది, అది ఏ కీర్తనో అతనికే తెలియదు. పదకొండూ ముప్పై ఐదుకి ఎనభై ఒకటి. ఎనభై రెండు అవుతుండగా ఆఫీసంతా ఒక్కసారిగా చీకటైపోయింది. ఫ్యాన్లు ఆగాయి. రెండు క్లస్టర్లూ ఇన్వర్టరు మీద ఉన్నాయి కాబట్టి బతికాయి. నెట్ లైనుకు ఇన్వర్టరు లేదు.

బయట వీధిలో ఎదుటి కొట్ల దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. ప్రభుకుమార్ తిన్నగా మీటర్ల గూడు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎరువుల కొట్టు అధిపతి, సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని జగదీశ్వరరావు గారు ఫ్యూజు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నేనే తీశాను నాయనా," అన్నారు.

"సార్... ఎందుకు సార్?"

ఆయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "రోజూ మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా గది తలుపేసుకుంటాను కదా. కస్టమర్లతో మాట్లాడుతున్నానని చెబుతాను కదా. మనకున్నది ఒక్క కస్టమరే. ఆవిడ మధ్యాహ్నాలు మాట్లాడదు."

"మరి?"

"పాఠాలు వింటాను. కంప్యూటర్ అంటే ఏటి, ప్రోగ్రామంటే ఏటి అని చిన్నపిల్లలకి చెప్పే పాఠాలున్నాయి. బొమ్మలేసి చెబుతారు. రెండేళ్లుగా వింటున్నాను. ఇప్పటికి రెండు కంపెనీల పెద్దలతో మీటింగుల్లో కూర్చుని తలాడించాను. కంటైనర్ అంటే నాకు ఇప్పటికీ తెలీదు ప్రభూ. ఆ గేట్‌వే నా గదిలోకి కూడా చూసి, పన్నెండింటికి ఆవిడ ముందు ఆ బొమ్మల పాఠాలు చూపిస్తే, నా పరువేం కావాలి?"

"పాతవి తవ్వుతుందని మీరే కదా సార్ చెప్పారు?"

"నేనే చెప్పాను. చెప్పాక నాకే నిజమేమోననిపించింది."

ప్రభుకుమార్‌కు నవ్వు రాలేదు. ఆ క్షణంలో ఆయన్ని చూస్తే జాలే కలిగింది. తనకంటే ఇరవై ఎనిమిదేళ్లు పెద్దవాడు, చేతిలో ఫ్యూజుతో, ఫెయిలైన పిల్లాడిలా నిలబడ్డాడు. అక్కడికక్కడే పప్పు డబ్బా, ఉప్పు డబ్బా, అలమర అంటూ రెండు నిమిషాల్లో విడమరిచి చెప్పాడు. జగదీశ్వరరావు గారు చాలాసేపు తల ఊపారు. "ఇంతేనా?" అన్నారు. "రెండేళ్లు."

ఫ్యూజు పెట్టి, లైను తిరిగి వచ్చేసరికి పదకొండూ యాభై రెండు. ఫైలు నాలుగోసారి సున్నా దగ్గర కూర్చుంది. పన్నెండింటికి ఎనిమిది నిమిషాలుంది. ఎంత లేదన్నా అరగంట దాటే పని అది. ప్రభుకుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. బెంగుళూరు గది గుర్తొచ్చింది. ఒక మంచం, ఒక చిన్న ఇండక్షన్ స్టవ్, ఛార్జింగ్ పెట్టుకుని మాట్లాడే ఫోను.

"ఒకటి చెప్పనా?" జగదీశ్వరరావు గారు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అలమర పాఠం ఆయనకు బాగానే ఎక్కింది. "ప్రాక్టీసుదాని మీద పెట్టావు కదా, అదే చూపించీ. అలమర అలమరలాగే ఉంటాది. ఏది ఏదో ఆవిడకేం తెలుస్తాది?"

అది నిజమే. ప్రాక్టీసు క్లస్టర్లోంచి ఏదీ ఎక్కడికీ పోదు. తెర తెల్లగా, కడిగిన పళ్లెంలా కనబడుతుంది. మేడమ్ సంతోషిస్తుంది. కంపెనీ నిలబడుతుంది. తను ఇంటికెళ్లి కెజియాకు చెప్పిన మాట నిలుపుకోవచ్చు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరుకుంటే చాలు. సరిగ్గా పన్నెండింటికి తెర మీద లక్ష్మీదేవి మేడమ్ ముఖం వచ్చినప్పుడు, ఊరుకుందామనే అనుకున్నాడు.

"పెట్టారా గేట్‌వే?" అంది మేడమ్.

"దివ్యమైన ముహూర్తానికి పెట్టామండి," అన్నారు జగదీశ్వరరావు గారు.

"చూపించండి."

ప్రభుకుమార్ వేలు మీట మీద ఆగింది. పొద్దుటినుంచి ఒక్కొక్కరూ వచ్చి తన ముందు తలలు వంచుకుని నిజాలు చెప్పుకున్నారు. వాళ్లందరి మధ్యా కూర్చుని తానొక్కడే దాచుకోవడం అతని వల్ల కాలేదు. మాట బయటికొచ్చేసింది.

"మేడమ్, ముందొక మాట చెప్పాలి. ఇది అసలు క్లస్టర్ మీద లేదు. ప్రాక్టీసు క్లస్టర్ మీద ఉంది. అసలుదాని మీద పెట్టడానికి పొద్దుటినుంచి ప్రయత్నించాం. కుదరలేదు. తప్పు నాదే."

జగదీశ్వరరావు గారు కళ్లు మూసుకున్నారు. అవతల మేడమ్ పెన్ను మూత పెట్టింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీంచి తువ్వాలు మూటతో సింగన్న దూసుకొచ్చి కెమెరా ముందు నిలబడ్డాడు.

"మా తప్పేటీ లేదు మేడమ్ గారూ! పాస్‌వర్డు ఆళ్లే ఇచ్చారు, మేం సినిమాలే సూసాం, ఇంకేటీ తియ్యలేదు. ఇదుగోండి మీ డబ్బా!"

"ఈయనెవరు?" అంది మేడమ్.

"నెట్‌వర్క్ తెచ్చారండి," అన్నాడు ప్రభుకుమార్. అంతకంటే క్లుప్తంగా చెప్పే దారి అతనికి తోచలేదు. సింగన్నను తాతబ్బాయి రెక్క పట్టుకుని అవతలికి తీసుకెళ్లాడు.

"సరే," అంది మేడమ్ చల్లగా. "ఆ ప్రాక్టీసుదే చూపించండి. కనీసం పనిచేస్తోందో లేదో చూసి, మా వాళ్లకు ఉత్తరం రాస్తాను." ఏ ఉత్తరమో అందరికీ అర్థమైంది. ప్రభుకుమార్ తెర తెరిచాడు.

తెర తెల్లగా లేదు.

ప్రతి పదిహేను నిమిషాలకూ ఒక వరస. తొమ్మిదిన్నర, తొమ్మిదీ నలభై ఐదు, ఆ తర్వాత పదింబావు. లైను తెగిన సమయాలు తప్పించి, పన్నెండు దాకా అదే తంతు. ప్రాక్టీసు క్లస్టర్లోని ఒక డబ్బాలోంచి రిపోర్టులు బయటికి పోతున్నాయి. అన్నీ ఒకే చోటికి. ఆడిటర్లు చెప్పినది నిజమే. ఈ ఆఫీసు నుంచే పోతున్నాయి.

"ఆగండి," అంది మేడమ్. కుర్చీలో ముందుకు జరిగింది. "ఆ రిపోర్టొకటి తెరవండి."

తెరిచాడు. మేడమ్ పైకి చదివింది. "రోగి పేరు జగదీశ్వరరావు. వయసు యాభై ఎనిమిది. నర్సీపట్నం. కడుపులో నులిపురుగులు."

"నాకా?" అన్నారు జగదీశ్వరరావు గారు.

వెనకాల మణి గోడకు ఆనుకుంది. "సార్, నేనేనండి. ఏడాది కిందట ట్రయల్ వేసినప్పుడు రెండొందల మంది ఉత్తుత్తి రోగులు కావాలన్నారు. పేర్లు అయిపోయి ఆఫీసు వాళ్లవి వాడేశాను. ఆ రోజు మీరు నన్ను తిట్టారు సార్. అందుకే పురుగులు పెట్టాను."

మేడమ్ తర్వాతిది చదివింది. "తాతబ్బాయి. పురుషుడు. యాభై నాలుగు. గర్భనిర్ధారణ పరీక్ష, పాజిటివ్."

"నాకేటి రాసినావమ్మా?" అన్నాడు తాతబ్బాయి, గుమ్మం దగ్గర్నుంచి.

"ఈ ఒక్క కేసు మీద మా ఆడిటర్లు మూడు పేజీలు రాశారు," అంది మేడమ్. ఆమె గొంతులో ఎక్కడా నవ్వు లేదు. "అంటే వాళ్లు పట్టుకున్నవి ఇవే. ఇందులో అసలు రోగులు లేరు. సరే, ఇవి ఎవరికి పోతున్నాయి? ఆ కంప్యూటర్ నంబరు చదవండి."

ప్రభుకుమార్ అంకెలు ఒక్కొక్కటే చదివాడు. సగం చదివేసరికి మేడమ్ రాసుకోవడం ఆపేసింది. పూర్తయ్యాక మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. ఆమె ముఖం తెర మీంచి మాయమైంది, కెమెరా ఆపేసింది. నర్సీపట్నంలో ఐదుగురూ చీకటి చతురస్రం వైపు చూస్తూ నిలబడ్డారు. రాజేశ్వరి గారు గోడ గడియారం చూసి, రాహుకాలం వెళ్లిపోయిందని భర్త చెవిలో చెప్పారు.

మూడు నిమిషాల తర్వాత ముఖం తిరిగి వచ్చింది. ఇందాకటి ముఖం కాదది. పొద్దుటినుంచి మెట్ల మీద, మణి బల్ల దగ్గర, మీటర్ల గూడు దగ్గర ప్రభుకుమార్ చూసిన ముఖమే.

"ఆ కంప్యూటర్ నాదే," అంది లక్ష్మీదేవి మేడమ్. "ట్రయల్ రోజుల్లో రిపోర్టులు సరిగా వస్తున్నాయో లేదో చూసుకుందామని, పదిహేను నిమిషాలకోసారి నా కంప్యూటర్‌కే పంపమన్నాను. ఆపమని చెప్పడం మరిచిపోయాను. తర్వాత నాకు కొత్తది వచ్చింది. పాతదాన్ని వేరే సెక్షనుకి ఇచ్చాం."

"ఏ సెక్షనుకండీ?" అడిగాడు ప్రభుకుమార్.

ఆమె పెన్ను మూత తీసి మళ్లీ పెట్టింది. "ఆడిట్‌కి."

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు ఆ ఆఫీసులో ఎవరూ ఎవరినీ చూసి నవ్వే స్థితిలో లేరు. జగదీశ్వరరావు గారే ముందుగా తేరుకున్నారు. "పర్లేదు తల్లీ," అన్నారు, తనకు పురుగులున్నాయని ఒక మహానగరం ఏడాదిగా నమ్మిన సంగతి పక్కనపెట్టి. "మనుషులం. ఇవాళ ఇక్కడ అందరిదీ అదే వరస."

మేడమ్ గొంతు సవరించుకుంది. నర్సీపట్నం ఆఫీసు వైపునుంచి ఏ దోషమూ లేదని సాయంత్రంలోగా ఉత్తరం పంపుతానంది. పని మరో రెండేళ్లు పొడిగిస్తామంది. ప్రాక్టీసు క్లస్టర్ అని ముందే నిజం చెప్పకపోయి ఉంటే ఆ తెరను అసలుదే అనుకుని, అసలు రోగుల రిపోర్టులే పోతున్నాయని పై వాళ్లకు రాసేసి ఉండేదాన్నని కూడా అంది. ఆ మాట విన్నాక జగదీశ్వరరావు గారు ప్రభుకుమార్ భుజం మీద చెయ్యి వేసి, తీయడం మరిచిపోయారు.

ఒంటిగంటన్నరకు ప్రభుకుమార్ కెజియాకు ఫోన్ చేశాడు. స్కూల్లో పిల్లల గోల మధ్య ఆమె గొంతు సన్నగా వినిపించింది. "వెళ్లక్కర్లేదు," అన్నాడు. కెజియా ముక్కు ఎగబీల్చి, "పులుసు తిన్నారా, లేదా?" అని అడిగింది. తిన్నానని చెబుతూ డబ్బా మూత తీశాడు. కళ్లు చెమర్చాయి, కారం ఎక్కువైందనుకున్నాడు గానీ, ఇంకా ముద్ద నోట్లో పెట్టలేదు.

మణి రాజీనామా కాగితం అతని జేబులోనే చొక్కాతో పాటు ఉతుక్కి వెళ్లింది. తాతబ్బాయి వైఫై డబ్బాను మళ్లీ గోడకు బిగించాడు. జగదీశ్వరరావు గారి గది తలుపు ఇప్పుడు మధ్యాహ్నాలు తెరిచే ఉంటోంది. బొమ్మల పాఠాలు బయటికి వినబడుతుంటే మణి కూడా వెళ్లి కూర్చుంటోంది.

అసలు క్లస్టర్ మీద గేట్‌వే ఎక్కించే పని మాత్రం ఇంకా మిగిలే ఉంది. ప్రభుకుమార్ ఇప్పటికి నాలుగుసార్లు గుర్తుచేశాడు, ఆఖరికి లక్ష్మీదేవి మేడమ్‌కు కూడా రాశాడు. తొందరేమీ లేదని అందరూ ఒకే మాటగా చెప్పారు.